బ్లాక్‌లో కొనకుండా కాన్సర్ట్‌కి వెళ్లడం ఎలా: సేల్‌కి వారం ముందు నుంచి గేటు దాకా

"సోల్డ్ అవుట్ అయిపోయిందండీ. ఇన్‌స్టాలో ఒకతను నాలుగు టికెట్లున్నాయంటున్నాడు. సగం అడ్వాన్స్ పంపితే క్యూఆర్ పెడతాడట. పంపొచ్చా?"

పెద్ద కాన్సర్ట్ ఏది ప్రకటించినా నాకొచ్చే మెసేజుల్లో సగం ఇలాంటివే. జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: పంపొద్దు. కానీ వద్దని ఊరుకుంటే ఎలా, మరి టికెట్ ఎలా దొరుకుతుందో కూడా చెప్పాలి కదా. వరసగా చెబుతాను. తొందరలో ఉన్నవాళ్లు కూడా మొదటి అంశం మాత్రం వదిలేయకండి, మిగతావన్నీ దాని మీదే నడుస్తాయి.

1. మీ ఫోన్‌లో కనిపించేది టికెట్ కాదు

థియేటర్ దగ్గర బ్లాక్ టికెట్ అంటే చేతిలో ఉన్న కాగితం ముక్కే టికెట్. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు లోపలికి పోతారు. డబ్బు ఎక్కువైనా సీటు మాత్రం ఖాయం. మనలో చాలామందికి ఇప్పటికీ ఈ లెక్కే మనసులో ఉంది, మోసగాళ్లు బతికేది కూడా ఈ లెక్క మీదే.

మొబైల్ టికెట్ అసలు ఉండేది అమ్మిన కంపెనీ సర్వర్‌లో. అక్కడ ఒక వరసలో మీ ఖాతా, మీ ఫోన్ నంబరు, మీ సీటు లేదా స్టాండు, ఆ పక్కన 'లోపలికి వెళ్లారా, లేదా' అనే గడి ఒకటి ఉంటాయి. ఫోన్‌లో కనిపించే క్యూఆర్ ఆ వరసను చూపించే గుర్తు, అంతే. ఆ బొమ్మను వందమందికి పంపొచ్చు. గేటు దగ్గర మొదట ఎవరు స్కాన్ చేయించుకుంటే వాళ్లే లోపలికి. మిగతా తొంభై తొమ్మిది మందికీ ఎర్ర లైటు.

గేటు దగ్గర మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా ఇవి:

- మారని క్యూఆర్: కొన్నప్పుడు వచ్చిందే చివరిదాకా ఉంటుంది. స్క్రీన్‌షాట్ పనిచేస్తుంది. అందుకే దొంగిలించడం కూడా తేలిక.
- మారుతూ ఉండే కోడ్: అమెరికాలో టికెట్లమ్మే కంపెనీ టికెట్‌మాస్టర్ 2019లో తెచ్చిన సేఫ్‌టిక్స్ ఈ రకం. బార్‌కోడ్ ప్రతి 15 సెకన్లకోసారి మారిపోతుంది. స్క్రీన్‌షాట్ చూపిస్తే వెనక్కి పంపుతారు.
- ఆలస్యంగా తెరుచుకునే క్యూఆర్: షోకి ఒకటి రెండు రోజుల ముందు దాకా యాప్‌లో టికెట్ పేరే తప్ప కోడ్ కనిపించదు.
- చేతి బ్యాండ్: క్యూఆర్ చూపించి బ్యాండ్ తీసుకోవాలి, లోపలికి పోయేది ఆ బ్యాండ్‌తోనే.

కొనే ముందే మీ షోకి వీటిలో ఏది వర్తిస్తుందో ఈవెంట్ పేజీలో నిబంధనల దగ్గర చూడండి. అది తెలిస్తే 'స్క్రీన్‌షాట్ పంపిస్తా' అన్నవాడి మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

2. వారం ముందు: ఖాతా సిద్ధం చేసుకోండి

ముందుగా ఎవరు అమ్ముతున్నారో తేల్చుకోండి. గాయకుడి అధికారిక పేజీకో నిర్వాహకుల పేజీకో వెళ్లి అక్కడున్న లింకు నొక్కండి. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేవి చాలాసార్లు ప్రకటనలే. ఒక్క అక్షరం తేడాతో అసలు సైటులాగే కనిపించే నకిలీలు అక్కడే కాచుకుని ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (యాప్ స్టోర్ బయటి నుంచి యాప్ ఎక్కించే ఫైలు) గురించైతే చెప్పనే అక్కర్లేదు, ముట్టుకోవద్దు.

ఇంకో రకం కూడా ఉంది, చేతిలో లేని టికెట్ అమ్మేవాళ్లు. 2025 జనవరిలో ముంబైలో జరిగిన బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే షోలకు 2024 సెప్టెంబర్ 22న బుక్‌మైషోలో టికెట్లు పెట్టారు. అసలు ధరలు 2,500 నుంచి 35,000 రూపాయల దాకా. వయాగోగో లాంటి రీసేల్ సైట్లలో మాత్రం అవే టికెట్లు లక్షల్లో కనిపించాయి. ఆ సైట్లతో తమకు ఏ సంబంధమూ లేదని బుక్‌మైషో ప్రకటించి, పోలీసులకు ఫిర్యాదు చేసింది. అలాంటి చోట మీరు కొనేది టికెట్ కాదు, 'ఎలాగో సంపాదించి ఇస్తాను' అన్న మాట.

సేల్ ఎక్కడో తెలిశాక ఈ వారంలో చేయాల్సినవి:

- యాప్ దించుకుని లాగిన్ అవ్వండి. ఫోన్ నంబరు, ఈమెయిల్ రెండూ ధ్రువీకరించండి.
- ఖాతాలో పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. 'చిన్నూ', 'బాస్' లాంటి పేర్లు ఇప్పుడే మార్చేయండి.
- ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. రెండంచెల భద్రత ఉంటే ఆన్ చేయండి. ఖాతాలోకి దూరి, టికెట్లను తమ పేరుకు ట్రాన్స్‌ఫర్ చేసేసుకునే దొంగలు ఉన్నారు. అమెరికాలో ఉన్నవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్త.
- ముందస్తు నమోదు, ప్రీసేల్ ఉన్నాయేమో చూడండి. కొన్ని షోలకు ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల ముందే అమ్మకం తెరుస్తారు. ఇంట్లో ఎవరి దగ్గరైనా ఆ కార్డు ఉందేమో అడగండి.
- మనిషికి ఎన్ని టికెట్లో చూసుకోండి. కోల్డ్‌ప్లేకి నాలుగే ఇచ్చారు. ఆరుగురు వెళ్లాలంటే ఇద్దరి ఖాతాలు సిద్ధంగా ఉండాలి.

3. ముందు రోజు: డబ్బు వెళ్లే దారి

టికెట్ చేతిదాకా వచ్చి జారిపోయిన కథల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. నాదీ ఒకటుంది. రెండున్నర గంటలు క్యూలో నిలబడి, మూడు సీట్లు ఎంచుకుని, యూపీఐ నొక్కాను. అంతకు ముందు రోజే కొత్త ఫోన్‌లోకి మారాను. యూపీఐ కొత్తగా నమోదైన మొదటి 24 గంటల్లో 5,000 రూపాయలకు మించి పంపనివ్వదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. కార్డు కోసం లేచి బీరువా తెరిచేలోపు టైమర్ అయిపోయింది.

కాబట్టి:

- సేల్‌కి ముందు రెండు మూడు రోజుల్లో ఫోన్ గానీ సిమ్ గానీ మార్చొద్దు.
- యూపీఐకి మామూలుగా రోజుకు లక్ష రూపాయల పరిమితి. మీ బ్యాంకు అంతకంటే తక్కువ పెట్టిందేమో చూసుకోండి. సేల్ రోజు ఉదయం అద్దె, ఈఎంఐ లాంటివి ఆ ఖాతా నుంచి కట్టకండి.
- బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులు తెరిచి ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో, పరిమితి ఎంతో చూడండి. చాలా కార్డులకు ఈ మీట ఆఫ్‌లోనే ఉండిపోతుంది.
- టికెట్ యాప్‌లో కార్డును ముందే సేవ్ చేసుకోండి. 2022 అక్టోబర్ నుంచి సైట్లు కార్డు నంబరు దాచుకోవడానికి వీల్లేదు, టోకెన్‌గానే (నంబరుకు బదులు వాడే మారు కోడ్) ఉంచుతాయి. దానికి ఒక్కసారి ఓటీపీ కావాలి. ఆ పని ఈ రోజే ముగించండి.
- ఓటీపీ వచ్చే ఫోను ఎవరిదో చూసుకోండి. నాన్నగారి కార్డు వాడుతుంటే సేల్ వేళకు ఆయన ఫోన్ మీ పక్కనే ఉండాలి, ఆయనతో పాటు వేరే ఊళ్లో ఉంటే కుదరదు.

వీలుంటే మొదటి ఎంపికగా క్రెడిట్ కార్డు పెట్టుకోండి. షో రద్దయినా, రెండుసార్లు డబ్బు కట్ అయినా బ్యాంకుకు అభ్యంతరం చెప్పి వెనక్కి రాబట్టుకునే దారి ఉంటుంది. రెండో ఎంపిక యూపీఐ.

ఆ రాత్రే ఒక కాగితం మీద మూడు వరసలు రాసుకోండి: మొదట ఏ స్టాండు, అది లేకపోతే ఏది, అదీ లేకపోతే ఏది. పక్కనే గరిష్ఠంగా ఎంత పెట్టగలరో రాయండి. కన్వీనియెన్స్ ఫీజు, పన్ను కలిపి. క్యూలో మూడు గంటలు కూర్చున్నాక మనిషి బుర్ర సరిగా పనిచేయదు. 3,500 టికెట్ కోసం కూర్చున్నవాడు 12,500ది కొనేసి లేస్తాడు.

4. సేల్ రోజు: క్యూ ఎలా నడుస్తుంది

పెద్ద సేల్‌కి చాలా సైట్లు ముందు వెయిటింగ్ రూమ్ తెరుస్తాయి. అమ్మకం మొదలయ్యాక అందులో ఉన్నవాళ్లకు నంబర్లు ఇస్తాయి. చాలా చోట్ల ఈ నంబర్లు లాటరీ పద్ధతిలోనే ఇస్తారు. అంటే తెల్లవారుజామున లేచి కూర్చున్నా ఒకటే, పది నిమిషాల ముందు వచ్చినా ఒకటే. సేల్ మొదలయ్యాక వస్తే మాత్రం అందరి వెనకే.

కోల్డ్‌ప్లే రోజున కోటీ ముప్పై లక్షల మంది ప్రయత్నించారని బుక్‌మైషో చెప్పింది. దొరికింది అందులో ఏ కొద్దిమందికో. మీకు లక్షల్లో నంబరు వచ్చిందంటే మీ తప్పేమీ లేదు.

చేయాల్సినవి:

- వెయిటింగ్ రూమ్ తెరిచాక, సేల్‌కి 15 నిమిషాల ముందు లోపలికి వెళ్లండి.
- ఒక ఖాతా, ఒక పరికరం. ఇంట్లో ఇద్దరు ఉంటే ఇద్దరూ ఎవరి ఖాతాతో, ఎవరి ఫోన్‌తో వాళ్లు.
- ఒకరు వైఫై మీద, మరొకరు మొబైల్ డేటా మీద ఉండండి. ఒకటి పోతే ఇంకొకటి.
- ఫోన్ చార్జర్‌కి పెట్టి, స్క్రీన్ ఆరిపోకుండా సెట్ చేయండి.

చేయకూడనివి:

- రిఫ్రెష్. క్యూ పేజీ తనంతట తానే కదులుతుంది. మీరు నొక్కితే కొన్ని చోట్ల వెనక్కి పోతారు.
- ఒకే ఖాతాతో ఐదారు ట్యాబ్‌లు. బాట్ (మనిషి బదులు తనంతట తానే బుక్ చేసే ప్రోగ్రాం) అనుకుని సిస్టం బయటికి తోసేస్తుంది.
- వీపీఎన్, అంటే మీరు ఎక్కడి నుంచి వస్తున్నారో దాచే కనెక్షన్. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, మర్చిపోతారు. బ్లాక్ వాళ్ల బాట్లు వచ్చే దారీ అదే కాబట్టి అనుమానం మీ మీద పడుతుంది.

'మేం క్యూలో ముందు నంబరు ఇప్పిస్తాం, మీ లాగిన్ ఇవ్వండి' అనే టెలిగ్రామ్ గ్రూపులు ఈ సమయంలో పుట్టుకొస్తాయి. లాగిన్ ఇచ్చారంటే టికెట్టే కాదు, ఖాతా కూడా వాళ్లదే.

5. మీ వంతు వచ్చాక

ఇక్కడుండేది కొద్ది నిమిషాలే. రాసుకున్న కాగితం తీయండి. మొదటి వరస ఉంటే సరే, లేకపోతే రెండోది. స్టేడియం మ్యాప్ జూమ్ చేసి చూసుకునే ముచ్చట ఇప్పుడు కాదు, నిన్న రాత్రే అయిపోవాలి.

నాలుగు కావాలనుకుని నాలుగు దొరక్కపోతే రెండు ప్రయత్నించండి. పక్కపక్కన రెండు సీట్లు దొరికినంత తేలిగ్గా నాలుగు దొరకవు.

డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే కంగారుపడి వెంటనే మళ్లీ కట్టకండి. యాప్‌లో 'నా బుకింగులు' చూడండి, ఎస్సెమ్మెస్, ఈమెయిల్ చూడండి, ఒకటి రెండు నిమిషాలు ఆగండి. బుకింగ్ నిజంగానే పడకపోతే డబ్బు సాధారణంగా వెనక్కి వచ్చేస్తుంది. ఆ టెన్షన్‌లో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం పెద్ద తప్పు. అక్కడ దొరికే నంబర్లలో మోసగాళ్లవి చాలా. యాప్ లోపలున్న హెల్ప్‌లో నుంచే అడగండి. రిఫండ్ రావాలంటే యూపీఐ పిన్ కొట్టమన్నారంటే అది దొంగ ఫోనే. పిన్ కొట్టేది డబ్బు ఇవ్వడానికే, తీసుకోవడానికి కాదు.

6. సోల్డ్ అవుట్ అని పడ్డాక

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అసలు పరీక్ష ఈ అరగంటే. బ్లాక్ వాడు ఎదురుచూసేది ఈ అరగంట కోసమే. మీరు చేయాల్సిందల్లా ఆగడం, ఆగుతూనే నాలుగు చోట్ల కన్నేసి ఉంచడం.

మొదటిది, అదే రోజు. ఎవరో సీట్లు పట్టుకుని డబ్బు కట్టలేకపోతారు. నా కొత్త ఫోన్ కథలోలాగే. ఆ సీట్లు టైమర్ అయిపోగానే అమ్మకానికి తిరిగొస్తాయి. సోల్డ్ అవుట్ పడ్డాక 15, 20 నిమిషాల పాటు పేజీ దగ్గరే ఉండి చూస్తుండండి. ఒకటో రెండో టికెట్లు కావాలనుకునేవాళ్లకు ఇది నిజంగా పనిచేస్తుంది.

రెండోది, అదనపు షో. కోల్డ్‌ప్లే జనవరి 18, 19 అని ప్రకటించి, సేల్ రోజునే 21న మూడో షో కలిపింది. ఆ తర్వాత జనవరి 25న అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో షో ప్రకటించి, 26న ఇంకొకటి చేర్చింది. ఆ 26 నాటి షో హాట్‌స్టార్‌లో లైవ్ కూడా వచ్చింది. సెప్టెంబర్ 22 మధ్యాహ్నం లక్ష పెట్టి బ్లాక్‌లో కొన్నవాళ్లు ఆ తర్వాత ఎలా నిద్రపోయారో నాకైతే తెలియదు.

మూడోది, చివరి వారం. వేదిక కట్టేదాకా సౌండ్ టవర్లు, కెమెరాలు ఎక్కడ వస్తాయో తేలదు కాబట్టి కొన్ని సీట్లు పక్కన పెడతారు. స్పాన్సర్ల కోటా కూడా కొంత మిగులుతుంది. ఇవి షోకి ముందు వారంలో, ఒక్కోసారి ముందు రోజు అమ్మకానికి వస్తాయి. ప్లాట్‌ఫారంలో 'నోటిఫై' నొక్కి ఉంచండి.

నాలుగోది, అధికారిక రీసేల్ ఉంటే అది. 2024లో జొమాటో 'బుక్ నౌ, సెల్ ఎనీటైమ్' అని ఒక పద్ధతి తెచ్చింది. వెళ్లలేనివాళ్లు టికెట్‌ను యాప్‌లోనే అమ్మకానికి పెడితే, వేరొకరు కొన్న వెంటనే పాత టికెట్ రద్దయి కొత్త టికెట్ పుడుతుంది. ధర రెండింతలు దాటకుండా పరిమితి కూడా పెట్టారు. రెండింతలంటే ఎక్కువే అని నా అభిప్రాయం. కానీ పాత కోడ్ చచ్చిపోయి కొత్తది పుట్టడమే అసలు రక్షణ, అది ఇందులో ఉంది. మీ షోకి అలాంటి సదుపాయం ఉందో లేదో ఈవెంట్ పేజీలో చూడండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ టికెట్‌మాస్టర్‌లోనే 'వెరిఫైడ్ రీసేల్' అని కనిపిస్తుంది. అది నకిలీ కాదు, కానీ అసలు ధరా కాదు. అమ్మేవాడు చాలాచోట్ల ఎంతైనా అడగొచ్చు. ఫిల్టర్‌లో రీసేల్ తీసేసి మామూలు టికెట్లు మాత్రమే చూడండి. కొన్ని టూర్లకు అసలు ధరకే మార్పిడి చేసుకునే ఏర్పాటు ఉంటుంది, ముందు దాన్ని వెతకండి.

7. తెలిసినవాళ్ల దగ్గర తీసుకోవాల్సి వస్తే

ఆఫీసులో ఒకమ్మాయికి ఊరు వెళ్లాల్సి వచ్చింది, కొన్న ధరకే ఇస్తానంది. ఇది బ్లాక్ కాదు. అయినా పద్ధతి పద్ధతే.

యాప్‌లో ట్రాన్స్‌ఫర్ ఉంటే వరస ఇది. ఆమె యాప్‌లో మీ నంబరుకో ఈమెయిల్‌కో పంపాలి. మీరు మీ ఖాతాలో అంగీకరించాలి. టికెట్ మీ 'బుకింగులు'లో కనిపించి, ఆమె ఖాతాలోంచి మాయమైందని చూశాక డబ్బు ఇవ్వాలి.

ట్రాన్స్‌ఫర్ లేకపోతే రెండే దారులు. టికెట్ ఆమె పేరు మీద ఉండి గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగే షో అయితే తీసుకోకండి. అలాంటి నిబంధన లేకపోతే, బాగా నమ్మకమున్న మనిషైతేనే క్యూఆర్ తీసుకోండి.

తెలియనివాళ్ల దగ్గర ఎంత తక్కువకి వచ్చినా వద్దు. 'రుజువు' అంటూ వాళ్లు చూపించేవీ, అవెందుకు రుజువు కావో చూడండి:

- బుకింగ్ స్క్రీన్‌షాట్: ఎడిట్ చేయడం రెండు నిమిషాల పని.
- ఆధార్ ఫొటో: వేరే బాధితుడు పంపినదే మీకు పంపుతారు.
- వీడియో కాల్‌లో యాప్ తెరిచి చూపించడం: టికెట్ నిజమే కావచ్చు. అదే టికెట్‌ను మీతో పాటు ఇంకో ఐదుగురికి అమ్ముతుంటాడు.
- 'సగం ఇప్పుడు, సగం గేటు దగ్గర': వాడికి కావాల్సింది ఆ మొదటి సగమే.

కోల్డ్‌ప్లే, పంజాబీ గాయకుడు దిల్జీత్ దొసాంజ్ షోల టికెట్ల బ్లాక్ మార్కెట్ మీద 2024 అక్టోబర్‌లో ఈడీ ఢిల్లీ, ముంబై, జైపూర్, చండీగఢ్, బెంగళూరుల్లో సోదాలు చేసింది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, టెలిగ్రామ్‌ల ద్వారా నకిలీ టికెట్లు కూడా అమ్మారని చెప్పింది. ఒకరిద్దరు కుర్రాళ్ల చిల్లర పని అనుకోకండి.

8. మీరే వెళ్లలేకపోతే

కొన్న ధరకే, యాప్‌లోంచే, తెలిసినవాళ్లకు ఇచ్చేయండి. 'వెయ్యి ఎక్కువ వేసుకుంటే తప్పేంటి' అని చాలామంది అడుగుతారు. అలా అడిగే వందమంది కలిస్తేనే బ్లాక్ మార్కెట్ అవుతుంది. ప్లాట్‌ఫారం నిబంధనల ప్రకారం ఆ టికెట్‌ను రద్దు చేసే హక్కు కూడా వాళ్లకు ఉండవచ్చు.

టికెట్ ఉందని చెప్పడానికి దాని ఫొటో స్టేటస్‌లో పెట్టకండి. మా బంధువుల అబ్బాయి సంతోషంలో క్యూఆర్ కనిపించేలా స్టేటస్ పెట్టాడు. మారని క్యూఆర్ అది. షో రోజు వాడు గేటు దగ్గరికి వెళ్లేసరికి 'ఆల్రెడీ స్కాన్డ్' అని వచ్చింది. కాంటాక్టుల్లో ఉన్న 400 మందిలో ఎవరో ఇప్పటికీ తెలియదు.

9. గేటు దగ్గర

హైదరాబాద్‌లో పెద్ద షోలు ఊరి చివరే ఎక్కువ. దిల్జీత్ షో శంషాబాద్ విమానాశ్రయం దారిలో, బ్రిటిష్ గాయకుడు ఎడ్ షీరన్ షో రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగాయి. వేల ఫోన్లు ఒకేచోట చేరితే నెట్‌వర్క్ పడుకుంటుంది. ఇంట్లో బయల్దేరే ముందే ఇవి చేయండి:

- యాప్ అప్‌డేట్ చేసి, లాగిన్ అయ్యే ఉన్నారో లేదో చూసి, టికెట్ ఒకసారి తెరవండి.
- టికెట్‌ను ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో పెట్టుకునే సదుపాయం ఉంటే పెట్టుకోండి, చాలావరకు నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.
- నలుగురి టికెట్లు ఒకే ఫోన్‌లో ఉంటే నలుగురూ కలిసే రావాలి. విడివిడిగా వచ్చేవాళ్లకు ముందు రోజే ట్రాన్స్‌ఫర్ చేసేయండి.
- బుక్ చేసినవాళ్ల అసలు గుర్తింపు కార్డు తీసుకెళ్లండి.
- ఫోన్ పూర్తి చార్జ్‌తో ఉండాలి. పవర్ బ్యాంక్ లోపలికి రానివ్వని వేదికలున్నాయి, నిబంధనలు చూడండి.
- స్క్రీన్ పగిలి ఉంటే టికెట్ ఇంకొకరి ఫోన్‌కి మార్చండి. గేటు దగ్గర స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచండి.

స్కాన్ అవ్వకపోతే వెనకవాళ్లు తోస్తున్నారని పక్కకు తప్పుకుని వెళ్లిపోకండి. బుకింగ్ ఐడీ, గుర్తింపు కార్డు పట్టుకుని హెల్ప్ డెస్క్‌కి వెళ్లండి. 'ఆల్రెడీ స్కాన్డ్' అని వస్తే ఏ గేటులో, ఎన్ని గంటలకు స్కాన్ అయిందో అడగండి. సిస్టంలో అది ఉంటుంది.

ఒక్కోసారి తప్పు మీది కాదు, బ్లాక్ వాడిదీ కాదు. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఎ.ఆర్. రెహమాన్ కచేరీకి అసలు టికెట్లు కొన్నవాళ్లు కూడా రద్దీలో లోపలికి వెళ్లలేక వెనుదిరిగారు. టికెట్ కాపీలు పంపమని రెహమానే స్వయంగా అడిగారు. కాబట్టి షో అయిపోయినా, కాకపోయినా డబ్బు సంగతి తేలేదాకా టికెట్, రసీదు, గేటు దగ్గర తీసిన ఫొటో ఏదీ డిలీట్ చేయకండి.

10. మోసపోయామని తెలిస్తే

సిగ్గుపడి ఊరుకోవద్దు, ఆలస్యం అసలే వద్దు. డబ్బు దొంగ ఖాతాలోంచి ఇంకో ఖాతాకి జారేలోపే ఆపాలి.

- వెంటనే 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో పెట్టుకోండి.
- సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.
- మీ బ్యాంకుకు చెప్పండి. కార్డు వాడి ఉంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం రాసివ్వండి.
- ఆ ఖాతా పేరు, నంబరు, చాట్, యూపీఐ ఐడీ అన్నీ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. వాడు బ్లాక్ చేశాక కొన్ని కనిపించవు.
- గొడవ టికెట్ కంపెనీతోనో నిర్వాహకులతోనో అయితే 1915, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

చట్టం సంగతికొస్తే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్‌లో ముఠాగా ఏర్పడి అనధికారికంగా టికెట్లు అమ్మడాన్ని పేరు పెట్టి మరీ నేరంగా చేర్చారు. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. ఫిర్యాదులో ఈ మాట ఉంటే మంచిది. ఆన్‌లైన్‌లో వేరొకరి వేషంలో మోసం చేస్తే ఐటీ చట్టం 66డి కూడా వర్తిస్తుంది.

11. మీరే షో పెడుతున్నారా?

కాలేజీ ఫెస్టు కావచ్చు, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘం మ్యూజికల్ నైట్ కావచ్చు. బ్లాక్‌ను అడ్డుకునే పని సగం మీ చేతిలోనే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద చిల్లు ఎక్కడో చెబుతాను: పాసులు. 'అన్నా, రెండు పాసులు ఇప్పించవా' దగ్గర మొదలై స్పాన్సర్లు, అధికారులు, నాయకుల పీఏల దాకా వెళ్లే ఆ పాసులే సాయంత్రానికి గేటు బయట అమ్మకానికి కనిపిస్తాయి. బాట్లను తిట్టే ముందు పాసుల పుస్తకం లెక్క చూసుకోండి. ప్రతి పాసుకీ పేరు, ఫోన్ నంబరు, ఇచ్చినవాళ్ల సంతకం ఉండాలి. వాటికీ మామూలు టికెట్లలాగే ఒక్కసారే పనిచేసే క్యూఆర్ ఇవ్వండి.

మిగతావి:

- ఫోన్ నంబరుకు నాలుగు టికెట్లకు మించొద్దు. కార్డుకీ అదే పరిమితి పెట్టండి, లేకపోతే పది నంబర్లతో ఒకే కార్డు వాడతారు.
- క్యూఆర్‌ను షోకి 24 నుంచి 48 గంటల ముందు మాత్రమే చూపించండి. అప్పటిదాకా అమ్మడానికి బ్లాక్ వాడి చేతిలో ఏమీ ఉండదు.
- వెళ్లలేనివాళ్లు తిరిగి ఇచ్చే దారి పెట్టండి: పాత కోడ్ రద్దు, అదే ధరకి కొత్త కోడ్. ఈ దారి లేకపోతే నిజాయితీపరులు కూడా ఇన్‌స్టాకే పోతారు.
- అన్నీ ఒకే రోజు అమ్మకండి. మూడు విడతలు చేస్తే జనంలో కంగారు తగ్గుతుంది.
- గిరాకీ మరీ ఎక్కువైతే లాటరీ పెట్టండి. ఎవరు వేగంగా నొక్కారన్నది లెక్కలో లేకపోతే బాట్‌కి ఉన్న బలమంతా పోతుంది.
- స్కానర్ల గురించి సాంకేతిక బృందాన్ని ఒక్క ప్రశ్న అడగండి: నెట్ పోతే ఒకే క్యూఆర్ రెండు గేట్లలో పనిచేస్తుందా? పనిచేస్తుంది అంటే గేట్ల మధ్య స్థానిక నెట్‌వర్క్ వేయించండి, లేదా టికెట్ మీదే గేటు నంబరు వేసి ఆ గేటులోనే అనుమతించండి.
- చేతి బ్యాండ్ వాడితే గేటు దగ్గరున్న మనుషులే చేతికి కట్టాలి. విడిగా చేతిలో పెడితే అది బయటికి వచ్చేస్తుంది. తీయాలంటే తెంపాల్సిన రకమే కొనండి, వేలు దూరేంత వదులు మాత్రమే ఉంచండి.

షోకి ముందు రోజు సాయంత్రం ఇద్దరు వలంటీర్లను గేటు దగ్గర నిలబెట్టి, ఒకే క్యూఆర్ స్క్రీన్‌షాట్‌తో రెండు గేట్లలో ఒకేసారి ప్రయత్నించమనండి. ఇద్దరూ లోపలికి వచ్చేశారంటే మీకు ఇంకా ఒక రాత్రి టైముంది.